ముందు చట్రము, పిదప యంత్రము

ఈ మధ్యకాలమున మన పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులలో ఒక క్రొత్త యుత్సాహము పొడసూపుచున్నది. ప్రాత సైకిలునకు చిన్న పెట్రోలు యంత్రమును బిగించి, నూరేండ్లనాటి మోటారు సైకిలు రూపమును దానికి తెచ్చి, తామే దానిని కట్టితిమని చెప్పుకొనవలెనను కోరిక పలువురికి కలిగినది. చేతిలోని ఫోనునందు దూరదేశముల వారు చేయు పనులను చూచి కొందరు, సైకిలు అంగడులయొద్ద మెకానిక్కుల మాటలు విని కొందరు ఈ కోరికను పెంచుకొనుచున్నారు. దీనినిగూర్చి తల్లిదండ్రులు రెండు తెగలుగా నున్నారు. చదువు చెడునని భయపడి మొదటనే కాదనువారు ఒక తెగ. పిల్లవాడు ముచ్చటపడుచున్నాడని యంత్రమునకు సొమ్మిచ్చి, ఆ వెనుక ఏమి జరిగినది విచారింపనివారు మరియొక తెగ. ఈ రెండు మార్గములును సరియైనవి కావని చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

నా యభిప్రాయమును ముందే తెలిపెదను. బాలుడుగాని బాలికగాని ఇంట సైకిలు చట్రమును, అనగా మెకానిక్కులు ఫ్రేము అని పిలుచు దానిని, స్వయముగా కట్టుట మేలైన విద్య. దానిని మాన్పరాదు. యంత్రమును కొని తెచ్చుట మాత్రము విద్య కాదు, బేరము. చట్రము సంగతి తెలియకమునుపే యంత్రమును బిగించుట ప్రాణములతో నాడుట. కావున ముందు చట్రము, పిదప యంత్రము. ఈ క్రమము తప్పకుండునట్లు ఇంటను బడిలోను పెద్దలు చూడవలెను.

ఈ మాట నేను కల్పించినది కాదు. మోటారు సైకిలు పుట్టిన చరిత్రయే దీనికి సాక్ష్యము. క్రీ. శ. 1885వ సంవత్సరమున రెండు వస్తువులు వేరువేరు దేశములలో బయలుదేరినవి. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ యనునతడు రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండి, వెనుక చక్రము గొలుసుతో తిరుగు రోవరు సైకిలును లోకమునకు చూపెను. నేడు మన వీధులలో తిరుగు సైకిలు దాని సంతతియే. ఆ యేడే జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మేబాకు అను నిరువురు తమ చిన్న పెట్రోలు యంత్రమును పరీక్షించుటకై ఒక కొయ్య చట్రములో దానిని నిలిపి నడిపిరి. ఆ బండి ప్రక్కలకు ఒరిగిపోకుండ రెండు చిన్న చక్రములను కూడ తగిలింపవలసివచ్చెను. యంత్రము మంచిదే. చట్రము మాత్రము బండికి తగినది కాదు. ఒక ప్రయాణములో యంత్రపు వేడికి జీను అంటుకొనెనని కూడ చెప్పుదురు.

పండ్రెండేండ్ల పిమ్మట, 1897లో, పారిసు నగరమున వెర్నరు సోదరులు మామూలు సైకిలు ముందు చక్రముపై యంత్రము నెక్కించి అమ్మసాగిరి. బరువంతయు పైనను ముందునను ఉండుటచే తడిసిన వీధులలో ఆ బండి జారి పడుచుండెను. 1901లో ఆ సోదరులే యంత్రమును దించి, పెడళ్ళ ఇరుసు ఉండు చోట, చట్రపు నడుమ, నేలకు దగ్గరగా నిలిపిరి. ఆ మార్పుతో బండి కుదురుకొన్నది. నాటినుండి నేటివరకు మోటారు సైకిలు యంత్రము ఆ చోటనే యున్నది. వారు క్రొత్తగా కనిపెట్టినది యంత్రమును కాదు, యంత్రముండవలసిన స్థలమును.

అమెరికాలోని మిల్వాకీ నగరమున విలియం హార్లీ యను యువకుడు 1901లో సైకిలునకు తగిలింపదగిన చిన్న యంత్రపు పటమును గీసెను. అతడును అతని మిత్రుడు ఆర్థర్ డేవిడ్‌సనును మరికొందరి సాయముతో దానిని 1903 నాటికి ముగించిరి. దాని పరిమాణము సుమారు 116 ఘన సెంటీమీటర్లు. ఆ బండి మిల్వాకీ మిట్టలనుకూడ పెడళ్ళు త్రొక్కక ఎక్కలేకపోయెను. అంతట వారు దానిని విడిచిపెట్టి పెద్ద యంత్రమును చేసిరి. అయితే ఆ పెద్ద యంత్రమును సైకిలు చట్రములో కూర్చలేదు. యంత్రము చుట్టును వంపుగా దిగివచ్చు గట్టి చట్రమును దానికై వేరుగా కట్టిరి. నేడు లోకమంతట పేరుపొందిన ఆ సంస్థకు పునాది యంత్రములో నెంత యున్నదో ఆ చట్రములోను అంతే యున్నది.

మన ఆసియా ఖండమునుండి యొక దృష్టాంతము చూపెదను. 1946లో, యుద్ధముచే పాడైన జపానులో, సోయిచిరో హోండా యనునతడు సైన్యపు రేడియోలకు విద్యుత్తు నిచ్చుటకై చేసిన చిన్న యంత్రములు మిగిలిపోగా, వానిని కొని సైకిళ్ళకు బిగించెను. పెట్రోలుకు తొట్టి దొరకక వేడినీళ్ళ డబ్బాను వాడెనట. బీదదేశములోని బీదవాని తెలివికి ఇది గొప్ప నిదర్శనము. కాని అతడు అక్కడ ఆగిపోలేదని మరువరాదు. ఆ యంత్రములు చెల్లిపోగానే తన సొంత యంత్రమును, ఆ పిమ్మట కొలది సంవత్సరములలోనే తన సొంత చట్రమును చేసికొనెను.

అంతదూరము పోనక్కరలేదు. మన రాయలసీమలోనే, తిరుపతి పట్టణమున, మోపెడ్స్ ఇండియా యను సంస్థ ఫ్రాన్సుదేశపు మోటోబెకాన్ సంస్థ అనుమతితో సువేగ అను పేరుగల పెడళ్ళ మోటారు బండిని చాలకాలము తయారుచేసెను. 1972లో పూనానుండి లూనా, 1980లో హోసూరునుండి టి.వి.ఎస్. 50 వచ్చినవి. సువేగ తయారగుట ఎన్నడో నిలిచిపోయినది. అయినను నా యీడువారికి ఆ బండ్లు బాగుగా జ్ఞాపకమున్నవి. పాలబుడ్లు, కూరగాయల గంపలు, పుట్టింటికి పోవు ఆడపడుచు, ఆమె యొడిలోని బిడ్డ, ఇన్నియు ఆ చిన్న బండిపైననే సాగెను. అది సైకిలువలెనే కనబడుచుండెను, కాని సైకిలు కాదు. దాని చట్రము, దాని ఫోర్కు, దాని బ్రేకులు యంత్రపు బరువును వేగమును లెక్కించి వేరుగా కట్టినవి. సైకిలునకు యంత్రము తగిలించిన మాత్రమున సువేగ కాజాలదు. మన బాలురు గ్రహింపవలసిన మొదటి పాఠమిదియే.

ఇక చట్రమనగా నేమో చూతము. సైకిలును ప్రక్కనుండి చూచినచో రెండు త్రికోణములు కనబడును. త్రికోణము యొక్క మహిమను రేఖాగణితములో మీరు చదివితిరి. నాలుగు కడ్డీలను కొనలయందు మేకులతో కలిపినచో ఆ చతురస్రము ఒత్తిడికి వంగి రూపము మారును. మూడు కడ్డీలను కలిపినచో, కడ్డీ విరుగవలెనేగాని రూపము మారదు. సైకిలు ఆ బలముతోనే తనకంటె నాలుగైదు రెట్లు బరువుగల మనుష్యుని మోయుచున్నది.

గొట్టమునే ఏల వాడుదురు, నిండు కడ్డీని ఏల వాడరు అని మీరడుగవచ్చును. లెక్క చేసి చూడుడు. బయటి వ్యాసము 1 అంగుళము, గోడ మందము అంగుళములో పదునారవ వంతు గల ఉక్కు గొట్టమును తీసికొనుడు. అంతే పొడవు, అంతే బరువుగల నిండు కడ్డీ వ్యాసము అర అంగుళముకంటె కొంచెము తక్కువగా నుండును. ఆ రెంటిలో గొట్టము కడ్డీకంటె ఏడు రెట్లకు పైగా వంపునకు ఎదురు నిలుచును. ఇనుము కేంద్రమునకు ఎంత దూరమున నున్నదో అంత బలము. జొన్నదంటును వెదురును సృష్టికర్త ఇదే లెక్కతో చేసెను.

ఈ చట్రము మనుష్యుని కాళ్ళ బలమునకు, గంటకు 15 కిలోమీటర్ల వేగమునకు కట్టబడినది. దానిలో యంత్రమును కూర్చినచో మూడు మార్పులు కలుగును. మొదటిది అదురు. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఒంటి సిలిండరు యంత్రము గంటకు 1,80,000 సారులు చట్రమును కుదుపును. సన్నని ఇనుప తీగెను ఒక్కసారి వంచినచో విరుగదు. ఇటు నటు పలుమారులు వంచినచో తెగును. చట్రములోని అతుకులయొద్ద జరుగునది ఇదియే. పగులు మొదట వెండ్రుకవలె సన్నగా పుట్టును, రంగు క్రింద దాగియుండును, ఒకనాడు హఠాత్తుగా నోరు తెరచును. రెండవది బరువు ఉండు చోటు. ఇది వెర్నరు సోదరుల కథలో చెప్పితిని. మూడవది వేగము. ఇది అన్నిటికంటె భయంకరమైనది, బాలురు అన్నిటికంటె తక్కువగా తలచునది.

వేగము మూడింతలైనచో దానిని ఆపుటకు మూడింతల శ్రమ చాలునని తలతురు. అది తప్పు. కదలు వస్తువులోని శక్తి వేగపు వర్గముననుసరించి పెరుగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు బ్రేకు పట్టగా 4 మీటర్లలో నిలుచుననుకొనుడు. అదే బరువుతో, అదే బ్రేకుతో, 45 కిలోమీటర్ల వేగమునుండి నిలుచుటకు 36 మీటర్లు పట్టును. మనకు బ్రేకు జ్ఞాపకము వచ్చులోపల బండి పోవు దూరము దీనికి అదనము. యంత్రపు బరువును ఇందులో చేర్చలేదు. రిమ్మును నొక్కు రబ్బరు బ్రేకులు వానలో తడిసినచో పట్టు ఇంకను తగ్గును. ప్రొద్దుటూరి వీధులలో అడ్డముగా వచ్చు ఆటోనుగాని, జమ్మలమడుగు దారిలో హఠాత్తుగా దాటు గొఱ్ఱెల మందనుగాని తలచుకొనుడు. 36 మీటర్ల ఎడము ఎవరిచ్చెదరు?

ప్రాతకాలపు రూపముపై మోజుగలవారికి ఇచ్చట ఒక హెచ్చరిక. వంగిన హ్యాండిలు, సన్నని పొడవైన పెట్రోలు తొట్టి, పల్చని జీను, మడ్డుగార్డులు లేని పెద్ద చక్రములు. ఈ రూపము 1910 ప్రాంతమున అమెరికాలో పలకలు పరచిన గుండ్రని పందెపు బాటలపై పరుగెత్తిన బండ్లది. చూచుటకు అందమైనదే. కాని ఆ పందెపు బండ్లకు బ్రేకులు ఉండెడివి కావు. 1912 సెప్టెంబరు 8వ తేదీన న్యూజెర్సీలోని న్యూఅర్కు పందెపు బాటలో అట్టి బండి అదుపు తప్పగా, సవారులతోపాటు కంచెపై వంగి చూచుచున్న ప్రేక్షకులును మరణించిరి. అట్టి పందెములు క్రమముగా మూతబడినవి. పూర్వుల రూపమును అనుకరింపుడు. వారి ప్రాణములు తీసిన లోపమును అనుకరింపకుడు. ముందును వెనుకను మంచి డ్రమ్ము బ్రేకులు తగిలించినంత మాత్రమున ప్రాత బండి అందము చెడదు.

ఇంట చట్రము కట్టదలచినవారు పనిని ఎట్లు చేయవలెనో కొంచెము చెప్పెదను. మొదట నేలపై సుద్దముక్కతో నిజమైన కొలతకు పటము గీయవలెను. కాగితముపై చిన్న పటములో కనబడని తప్పులు నేలపై పటములో కనబడును. చక్రమునకు చట్రమునకు నడుమ ఎడమున్నదా, పెడలు త్రిప్పినపుడు కాలు యంత్రమునకు తగులునా, హ్యాండిలు మోకాలికి తగులునా అనునవి సుద్దగీతయే చెప్పును. హ్యాండిలు ఇరుసును వాలుగా నేలవరకు సాగదీసినట్లు ఊహింపుడు. ఆ గీత నేలను తాకు చోటు, ముందు చక్రము నేలను తాకు చోటికి కొంచెము ముందుగా నుండవలెను. బండి తిన్నగా నడచుటకు గల ముఖ్య కారణములలో ఇది యొకటి. ఫోర్కును తమ యిష్టమువచ్చినట్లు పొడిగించువారు ఈ కొలతను చెరిపి, బండి ఏల వణకుచున్నదని ఆశ్చర్యపడుదురు.

చట్రము సమముగా నున్నదా యని పరీక్షించుటకు కర్మాగారములలో చదునైన ఇనుప బల్లలుండును. మనకు దేవుడు కడప బండ నిచ్చెను. మన వంటయిండ్లలోను అరుగులపైనను ఉన్న నున్నని నల్లబండపై తిన్నని పట్టీనుంచి చదునును చూచుకొని, దానిపైననే గొట్టములను పేర్చవచ్చును. పిమ్మట ఒక దారమును తీసికొని, హ్యాండిలు ఉండు ముందు గొట్టము చుట్టును త్రిప్పి, వెనుక చక్రపు ఇరుసు నిలుచు రెండు కొనలకు ఇరుప్రక్కల బిగించి కట్టుడు. జీను క్రింది గొట్టమునకు దారమునకు గల ఎడమును కుడివైపునను ఎడమవైపునను కొలువుడు. రెండును సమానమైనచో వెనుక భాగము నడుమకు వచ్చినది. ఒక దారపు ముక్కతో ఇంత సత్యము తెలియును.

అతుకులనుగూర్చి మన ప్రొద్దుటూరివారికి నేర్పవలసినది తక్కువ. బంగారపు పనికి పేరుపొందిన ఊరిది. కంసాలి నగల ముక్కలను అతుకునపుడు వెలిగారమును వాడుట మీరు చూచియుందురు. అది వేడికి కరగి లోహముపైనున్న మాలిన్యమును తీసివేసి, అతుకు పారుటకు దారి చేయును. ప్రాత సైకిళ్ళ చట్రములలో గొట్టములను మూలల తొడుగులలోనికి దూర్చి, ఇదే వెలిగారమును చల్లి, ఇత్తడిని కరిగించి అతికెడివారు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల వేడికే కరగి సందులోనికి దానంతట ప్రాకును. ఉక్కు కరగుటకు 1,500 డిగ్రీలకు దగ్గరగా కావలెను. కావున గొట్టము చెడదు, అతుకు గట్టిపడును. విద్యుత్తు వెల్డింగు దీనికి భిన్నము. కిటికీ చువ్వలు అతుకు చేయితో ఒక మిల్లీమీటరు మందముగల గొట్టమును అతికినచో రంధ్రములు పడును. ఆ రంధ్రములను పూడ్చి, ఆకురాయితో నునుపుచేసి, రంగు పూసినచో చూపునకు అందముగానుండును. లోపల మాత్రము మోసమే.

మూడు పనులు మాత్రము ఎన్నటికిని చేయరాదు. నీళ్ళ కుళాయిలకు వాడు తెల్లని జింకు పూత గొట్టమును పూత తీయక వెల్డింగు చేయరాదు. జింకు మండి తెల్లని పొగయై లోపలికి పోయి చలిజ్వరమును తెచ్చును. పెట్రోలు ఉండిన తొట్టిని, ఖాళీయైనదని తలచి, నిప్పు చూపరాదు. పెట్రోలు లేని తొట్టిలో పెట్రోలు ఆవిరి యుండును. అదియే బాంబువలె ప్రేలును. మూడవది, విరిగిన ముందు ఫోర్కును అతికి మరల వాడరాదు. వెనుక భాగము విరిగినచో బండి నిలిచిపోవచ్చును. ముందు ఫోర్కు విరిగినచో సవారి తలక్రిందులుగా నేలను కొట్టుకొనును. ఈ పని యంతయు నల్లని అద్దము, చేతి తొడుగులు, పని తెలిసిన పెద్ద ప్రక్కన ఉండగా చేయవలసినదే.

చట్టము మాటయు చెప్పక తప్పదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, నాలుగు చక్రములకంటె తక్కువ యుండి, 25 ఘన సెంటీమీటర్లకు మించని యంత్రము గల బండి మోటారు వాహనము కాదు. అంతకు మించినది మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషను, భీమా, నడుపువానికి లైసెన్సు కావలెను. సైకిళ్ళకై అమ్మబడు యంత్రములలో పెక్కు ఈ హద్దును దాటినవే. నమూనా పరీక్ష నెగ్గని బండికి రిజిస్ట్రేషను దొరకదు. పదునారేండ్లు నిండినవారు 50 ఘన సెంటీమీటర్లకు మించని బండికి లైసెన్సు పొందవచ్చును. తక్కినవానికి పదునెనిమిది యేండ్లు నిండవలెను. 2019 సవరణ ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికిగాని సంరక్షకునికిగాని మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. ముచ్చటకు సొమ్మిచ్చు తల్లిదండ్రులు ఈ వాక్యములను రెండుమారులు చదువ ప్రార్థించుచున్నాను.

అట్లయిన కాదనువారి మాటయే సరియైనదిగదా యని కొందరు అడుగవచ్చును. వారి ఆక్షేపణలు రెండు. ఒకటి, చదువు చెడునని. నేను చెప్పిన సంగతులలో చదువు కానిదేది? త్రికోణము రేఖాగణితము. అతుకు రసాయనశాస్త్రము. వేగము, బ్రేకు భౌతికశాస్త్రము. వర్గము బీజగణితము. పులివెందులలో 2006వ సంవత్సరమునుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల యున్నది. ప్రొద్దుటూరున యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల యున్నది. మన పిల్లలు అచ్చట చేరవలెనని మనమందరము కోరుచున్నాము. కాని ఆకురాయి ఎన్నడును పట్టని చేయి, మేకు ఎన్నడును దిగగొట్టని చేయి అచ్చటికి పోయి ఏమి నేర్చును? పుస్తకములో ఉక్కు గుణములను వల్లించి, అంగడిలో ఉక్కు గొట్టమునకు ఇనుప గొట్టమునకు భేదమెరుగని పట్టభద్రులను మనము చూచుచున్నాము.

రెండవ ఆక్షేపణ బయటకు చెప్పబడదు, మనసులోనే యుండును. వెల్డింగు పని, కమ్మరి పని, సైకిలు అంగడి పని మన పిల్లలకు తగదు, చదువుకొన్నవానికి చేతులు మసి కారాదు అనునది. ఈ తలంపు మన దేశమునకు చేసిన కీడు ఇంతయని చెప్పజాలము. చేసెడివాడు చదువలేదు, చదివెడివాడు చేయలేదు. ఇద్దరి నడుమ పని చెడెను. మన గండికోట చరిత్రలో ఒక సంగతి కలదు. 1652లో టావెర్నియరు అను ఫ్రెంచి వర్తకుడు ఆ కోటకు వచ్చెను. అప్పుడు కోట మీర్ జుమ్లా వశమున నుండెను. అతడు ఫిరంగులు పోత పోయుటకు ఒక ఫ్రెంచివానిని నియమించి, కావలసిన లోహమును సమకూర్చెను. అధికారమున్నది, లోహమున్నది, కోట యున్నది. అయినను ఒక్క ఫిరంగియైనను సరిగా దిగలేదని టావెర్నియరు వ్రాసెను. పోత పని రాజాజ్ఞకు లోబడదు, చేతి నేర్పునకే లోబడును. అట్టి నేర్పుగలవారు మన యూళ్ళలోనే కమ్మరి కొలిమియొద్ద, కంసాలి కుంపటియొద్ద, సైకిలు అంగడియందు ఉన్నారు. వారిని గురువులని పిలుచుటకు మనకు నోరు రాకున్నది.

కాదనువారికి మరియొక మాట. ఇంట కాదన్న పని బాలుడు విడిచిపెట్టునని తలపకుడు. స్నేహితుని ఇంటి వెనుక, అద్దము లేక, తొడుగు లేక, పెద్దల కన్ను లేక చేయును. నిషేధము పనిని మాన్పదు, చీకటిలోనికి త్రోయును. ప్రమాదములు పుట్టునది ఆ చీకటిలోనే.

కావున నా సూచన యిది. మన పాఠశాల ఆవరణలో ఒక చిన్న రేకుల పాకను చేతిపనికై విడువవలెను. ఒక కడప బండ, ఒక పట్టుగొయ్య, ఆకురాళ్ళు, రంపము, కొలబద్ద, విరిగిన సైకిళ్ళు నాలుగు చాలును. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి పిల్లలకు పుస్తకముల సంచి లేని పది దినములను చెప్పి, స్థానికులైన వృత్తిపనివారియొద్ద పని నేర్వవలెనన్నది. ఆ దినములలో మన పట్టణపు వెల్డరును, కంసాలిని, సైకిలు మెకానిక్కును బడికి పిలిచి, కుర్చీవేసి కూర్చుండబెట్టి, వారిచే పాఠము చెప్పింపవలెను. వారికి తగిన ప్రతిఫలము నియ్యవలెను.

పై తరగతులవారు మొదటి యేడు యంత్రము లేని చట్రమునే కట్టవలెను. దానిని దారముతో కొలిచి, బరువు పెట్టి పరీక్షించి, పెడళ్ళతో ఆరునెలలు నడపి, అతుకులు విప్పి చూడవలెను. అట్టి చట్రము నిలిచినపిమ్మటనే యంత్రము మాట. అప్పుడైనను పెట్రోలు యంత్రమునకంటె విద్యుత్తు మోటారు మేలని నా తలంపు. చట్టము 250 వాట్లకు తక్కువ శక్తి, గంటకు 25 కిలోమీటర్లకు తక్కువ వేగము గల పెడళ్ళ విద్యుత్తు సైకిలును, బరువు మొదలగు నియమములకు లోబడినచో, మోటారు వాహనముగా ఎంచదు. అదురు లేదు, ఆవిరి లేదు, నిప్పు భయము తక్కువ. ప్రాత రూపముపై మోజు తీరనివారు పెట్రోలు తొట్టి ఉండు చోట, ఆ రూపముతోనే ఒక పెట్టె చేసి, అందులో బ్యాటరీ నుంచుకొనవచ్చును. పెట్రోలు యంత్రమే కావలెనన్నవారు దానిని చట్రములో బిగించి పాఠశాల ప్రదర్శనమున నిలిపి యంత్రధర్మమును వివరింపవచ్చును. వీధిలోనికి మాత్రము తేరాదు.

ఈ పాకకు ధనము ఎచ్చటిదని అడుగువారుండవచ్చును. ప్రతి యేడు మన వార్షికోత్సవమున అలంకారములకు చేయు ఖర్చులో కొంత తగ్గించినను ఇది సాగును. పాత విద్యార్థులలో అంగడులు గలవారు, ఇంజనీర్లు అయినవారు కలరు. వాడి పారవేసిన పనిముట్లను పంపినను మేలే. ధనముకంటె కావలసినది అనుమతి. పిల్లలు చేతులు మసిచేసికొని బడినుండి వచ్చినచో తల్లిదండ్రులు కోపింపకుండుట.

బాలబాలికలారా, యంత్రము శబ్దము చేయును గనుక దానివైపు మీ చూపు పోవుట సహజము. చట్రము శబ్దము చేయదు. అది మోయును. మోయుచున్నంతకాలము దానిని ఎవ్వరును తలపరు. విరిగిననాడు అందరును తలతురు. అట్టి నిశ్శబ్దపు వస్తువును మీ చేతులతో, కొలతతో, ఓపికతో, పెద్దల కన్నుల యెదుట కట్టుడు. ఆ పని ముగిసిన నాటికి యంత్రపు కోరిక మిగిలియున్నను, లేకున్నను, మీకు కలిగిన చేతి నేర్పు మిమ్ము విడువదు.